అమ్మ కాళ్ల తడబాటుకి కారణం మెడలో దొరికింది – నా అనుభవం

తేడా మొదట కనిపెట్టింది అమ్మ పనిచేసే చోట మేస్త్రి. మాది పలాస దగ్గర ఊరు. అమ్మ 30 ఏళ్లుగా జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తోంది. ఆరబెట్టిన పప్పుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చిన్న కత్తి మొనతో ఒక్కసారి అలా గీరితే చాలు, ఎర్రపొట్టు మొత్తం ఊడొచ్చేసేది, పప్పు మాత్రం చెక్కుచెదరకుండా గుండుగానే ఉండేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని ఆ వేళ్లనే చూస్తూ ఉండేదాన్ని. అలాంటి మనిషి బుట్టలో బద్దలూ ముక్కలూ ఎక్కువైపోతున్నాయని పోయినేడు సంక్రాంతి వెళ్లాక మేస్త్రి అన్నాడట, కళ్లజోడు మార్చుకో పిన్నీ అని సలహా కూడా ఇచ్చాడట. అమ్మ నిజంగానే వెళ్లి కళ్లు చూపించుకుంది. చూపు బాగానే ఉందన్నారు. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్లినప్పుడు ఒక్కొక్కటీ నా కంటపడ్డాయి. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి అమ్మకి చాలాసేపు పడుతోంది, చివరికి నన్నే పెట్టమంటోంది. ముద్ద కలుపుతుంటే మెతుకులు జారిపోతున్నాయి. ఒకరోజు సాయంత్రం కొట్టుకెళ్లి వచ్చింది, చూస్తే ఒక కాలికే చెప్పుంది. రెండోది వీధి మలుపులో పడి ఉంది. చెప్పు ఊడిపోయిన సంగతి కాలికి తెలియలేదు, ఆ ఎండకి కాలిన నేల మీద అంతదూరం నడిచొచ్చినా తెలియలేదు. నాకు భయం వేసింది. అమ్మేమో "ఏటవుతాది, వయసు" అంది. వయసంటే 58.

మా ఉద్దానం ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకి ఒక విషయం చెప్పక్కర్లేదు, మా దగ్గర ఎవరికి నీరసం వచ్చినా కాళ్లు లాగినా ముందు గుర్తొచ్చేది కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో చూసినా కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. మా నాన్న కూడా దాంతోనే పోయారు. అందుకే అమ్మకి ఏ చిన్నది వచ్చినా మేం ముందు చేయించేది కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష. ఈసారీ అదే చేయించాం. 1.0 వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం, అమ్మకి బాగానే ఉందని అందరికీ ఫోన్లు చేసి చెప్పాం. ఇప్పుడు తలుచుకుంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే. ఒక జబ్బు గురించి అంత భయపడి, అది లేదని తేలగానే ఇంకేమీ లేనట్టే అనుకున్నాం.

ఊళ్లో ఆర్ఎంపీ నరాల బలానికని సూదులు వేశాడు, బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చాడు. నొప్పి మాత్రలు కూడా ఇచ్చాడు గానీ నాన్నని చూసిన కళ్లు కదా, అమ్మ వాటిని ముట్టుకోలేదు. అసలు నొప్పి ఉంటేగా. "నాకేటీ నొప్పి నేదమ్మా, కాళ్లే నావి కానట్టున్నాయి" అనేది. ఈ మాట తను కనీసం నలుగురు డాక్టర్ల దగ్గర అంది. నొప్పి లేదంటే అందరూ తేలిగ్గా తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. నొప్పి లేకుండా చేతులు మొరటుబారిపోవడం, నడక తూలిపోవడం అనేవి నొప్పి కన్నా పెద్ద సూచనలని అప్పటికి నాకు తెలియదు.

జులైలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను, పేరు చెప్పను. కాళ్లు తేలిపోతున్నాయి, తిమ్మిర్లు ఉన్నాయి అనగానే నడుముకి ఎంఆర్ఐ రాశారు. ఆరున్నర వేలు కట్టాం. రిపోర్టులో నాలుగో ఐదో నడుము ఎముకల మధ్య డిస్క్ కొంచెం ఉబ్బిందని ఉంది. ఇదిగో దొరికింది అన్నారు, మేమూ దొరికిందనే అనుకున్నాం. బెల్టు ఇచ్చారు, వంగొద్దన్నారు, ఫిజియోథెరపీకి పంపారు. చేతుల సంగతి అడిగితే అది వేరే విషయం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉంటుంది, రోజంతా వేళ్లతో చేసే పని కదా అన్నారు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష ఒకటి ఉంటుంది, అదీ చేయించాం. మణికట్టు దగ్గర ఏ లోపమూ లేదని వచ్చింది. అప్పుడైనా ఎవరో ఒకరు ఆగి, మరి చేతులకీ కాళ్లకీ కలిపి ఒకటే కారణం ఉందేమోనని అడగాల్సింది. ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తట్టలేదు. చేతులది ఒక ఫైలు, కాళ్లది ఒక ఫైలు, రెండూ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగాను.

తర్వాత తెలిసిందేమిటంటే 50 దాటినవాళ్లకి ఏ నొప్పీ లేకపోయినా ఎంఆర్ఐ తీస్తే సగానికి పైగా మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందట. అంటే ఫిల్ములో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన మన బాధకి కారణం అదేనని కాదు. ఇంకో సంగతి, పెద్దవాళ్లలో వెన్నుపాము, అంటే వెన్నెముక లోపల దిగే నరాల తాడు, నడుము కింది దాకా రాదు. నడుము పై భాగంలో, మొదటి రెండు నడుము ఎముకల దగ్గరే అయిపోతుంది, అక్కడి నుంచి కిందకి దిగేవి గుర్రం తోకలా విడివిడి నరాలు. నడుముకి తీసిన ఫిల్ములో వెన్నుపాము చివరి కొసే పడుతుంది. మెడలో ఏముందో అందులో కనపడదు. ఆ బెల్టు అమ్మ నాలుగు నెలలు కట్టుకుంది.

దసరాకి మళ్లీ వెళ్లాను. పెరట్లో అమ్మ మొహం కడుక్కుంటోంది. సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే మనిషి పక్కకి ఒరిగిపోయి గోడ పట్టుకుంది. కళ్లు తెరిచాక మామూలుగా నిలబడింది. మళ్లీ నీళ్లు కొట్టుకోవడానికి కళ్లు మూసింది, మళ్లీ ఒరిగింది. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగితే, అందుకే తను ఎప్పుడూ గోడ పక్కనే కడుక్కుంటుందని చెప్పింది, అదేదో మామూలు సంగతైనట్టు. రాత్రిపూట కరెంటు పోతే మంచం దిగడం మానేసిందట. తర్వాత వారంలోనే స్నానాల గదిలో పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ లేచి నిలబడేసరికి రెండు కాళ్లూ కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి, అడుగు తీస్తుంటే కాలు ఈడ్చినట్టు వస్తోంది. ఇక ఆగకూడదని మర్నాడే బస్సెక్కించి శ్రీకాకుళం తెచ్చేసి రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీయించాను.

అక్కడ చూసిన డాక్టరు చిన్నవాడే, 30 కూడా ఉండవేమో. నేను రిపోర్టుల సంచి ముందు పెట్టబోతే, "అవి తర్వాత చూస్తానండీ, ముందు అమ్మని నడవమనండి" అన్నాడు. నడిపించాడు. తర్వాత ఒక పాదం మడమని రెండో పాదం వేళ్లకి ఆనించి తాడు మీద నడిచినట్టు నడవమన్నాడు. అమ్మ రెండో అడుగుకే తూలింది. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నాడు, తను వెనక చేతులు చాపి నిలబడ్డాడు. అమ్మ ఒరిగింది, పట్టుకున్నాడు. పెరట్లో నేను చూసింది ఒక పరీక్షే అని అప్పుడర్థమైంది.

తర్వాత చేతులు. రెండు చేతులూ ముందుకి చాపించి గుప్పిట మూసి తెరవమన్నాడు, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా, 10 సెకన్లు. మామూలు మనిషి 20 సార్లు చేయాలట. అమ్మ 9 చేసింది. అది కూడా వేళ్లు ఒకదాని వెనక ఒకటి ఆలోచించుకుంటూ తెరుచుకున్నట్టు. వేళ్లన్నీ దగ్గరగా చేర్చి చాపమంటే చిటికెన వేలు దానంతటదే పక్కకి పోయింది. నడివేలు పట్టుకుని గోరుని కిందకి టక్కున మీటాడు, బొటనవేలు లోపలికి ముడుచుకుంది. అలా ముడుచుకోకూడదట. చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద తడితే కాలు ఎగిరి ఆయన చొక్కాకి తగిలింది. మోచెయ్యి మడత దగ్గర తడితే మాత్రం చెయ్యి దాదాపు కదల్లేదు. అరికాలి బయటి అంచు వెంట గీస్తే బొటనవేలు కిందకి ముడుచుకోవాల్సింది పోయి పైకి లేచింది. చంటిపిల్లలకి అలా లేస్తే మామూలే గానీ పెద్దవాళ్లకి లేస్తే మెదడు నుంచి వెన్నుపాము దాకా ఎక్కడో దారి దెబ్బతిందని అర్థం అన్నాడు. పాదాన్ని ఒక్క తోపు తోసి పట్టుకుంటే అది దానంతటదే టకటకా కొట్టుకుంది. అమ్మ ఆశ్చర్యంగా తన కాలిని చూసుకుంటోంది.

అప్పుడు అడిగాడు. "మెడ ముందుకి వంచితే వీపులో కరెంటు పాస్ అయినట్టు ఉంటోందా అమ్మా?"

"అవుతాది బాబూ. పప్పు మీదకి వంగినప్పుడల్లా జివ్వుమని నడుం దాకా దిగుతాది."

నేను నోరు తెరుచుకుని చూశాను. ఎనిమిది నెలల్లో ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "ఎవలూ అడగనేదు కదా" అంది. అలాగే మూత్రం ఆపుకోలేక పరిగెత్తాల్సి వస్తోందా అని అడిగాడు, అమ్మ తల దించుకుని అవునంది. అదీ నాకు తెలియదు. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఇలాంటివి కూతురికి కూడా చెప్పరు, అడిగేవాళ్లే సూటిగా అడగాలి. ఆయన ఏ సంకోచం లేకుండా, గౌరవంగా అడిగాడు. మల విసర్జన మీద అదుపు ఉందా, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా, రాత్రిళ్లు జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయా. ఆఖరి ప్రశ్నకి నేను కంగారు పడితే ఎందుకో చెప్పాడు. క్యాన్సర్ ఎముకల్లోకి పాకి కూడా వెన్నుపాముని నొక్కొచ్చు, క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్నవాళ్లకి కొత్తగా వెన్నునొప్పి వచ్చి కాళ్లు బలహీనపడితే 24 గంటల్లోపు వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ తీయాలి, మన దేశంలో ఎముకల టీబీని కూడా ఎప్పుడూ మర్చిపోకూడదు అని. అమ్మకి ఆ రెంటి లక్షణాలూ లేవు.

మరి కాళ్లకీ మెడకీ ఏం సంబంధమండీ అని అడిగాను. ఆయన ఒక కాగితం మీద గీసి చెప్పాడు గానీ నాకు అర్థమైంది మాత్రం మా ఊరి లెక్కలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లూ జీడితోటలూ పోయాయి, కరెంటు స్తంభాలు పోయాయి. మా ఇంటి ముందు స్తంభం నిటారుగానే ఉంది, ఇంటికొచ్చే వైరూ బాగానే ఉంది, అయినా దీపం వెలగలేదు, ఎందుకంటే తెగింది ఎక్కడో పైన పెద్ద లైను. మన ఇంటి వైరు ఒక్కటే తెగితే మన ఇల్లొక్కటే చీకటి. పెద్ద లైను పోతే దాని కింద ఉన్న ఊళ్లన్నీ చీకటి. నరం మొదట్లో నొక్కుకోవడం ఇంటి వైరు లాంటిది. ఆ నరం వెళ్లే చోటే నొప్పి, తిమ్మిరి, బలహీనత, అక్కడ సుత్తితో కొడితే స్పందన తగ్గిపోతుంది. వెన్నుపామే నొక్కుకుంటే అది పెద్ద లైను, నొక్కుడు పడ్డ చోటు నుంచి కిందదంతా చెడుతుంది. కాకపోతే నరాల్లో ఒక విచిత్రం ఉంది, కింద స్పందన పోవడం కాదు, మెదడు పగ్గం వదులైపోయి అతిగా ఎగురుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అమ్మకి మోచెయ్యి దగ్గర స్పందన తగ్గింది, మోకాలి దగ్గర పెరిగింది. కాబట్టి దెబ్బ ఈ రెంటి మధ్య, మోచేతి నరం బయల్దేరే చోటే ఉండాలి, మెడలో ఐదో ఆరో ఎముకల దగ్గర ఉంటుందని ఏ ఫిల్మూ చూడకముందే కాగితం మీద రాసిచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కడం కూడా ఆ చోటికే సరిపోతుందట, ఆరో మెడ నరం వెళ్లేది అక్కడికే. నెలల తరబడి వేర్వేరు ఫైళ్లలో తిరిగిన చేతులూ కాళ్లూ ఒక రబ్బరు సుత్తి దెబ్బతో ఒకే కాగితం మీదకి వచ్చాయి.

రక్త పరీక్షలు కూడా రాశాడు. బి12 తగ్గినా వెన్నుపాము దెబ్బతిని ఇలాగే తూలుతారట, అదీ చూడాలన్నాడు. షుగరు, థైరాయిడ్, ఒంట్లో వాపు గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ, మళ్లీ క్రియాటినిన్. బి12 కొంచెం తక్కువగా ఉంది, దానికి సూదులు మొదలుపెట్టారు గానీ ఈ లక్షణాలన్నిటికీ అదొక్కటే కారణం కాదన్నారు. ఎంఆర్ఐకి మందు ఎక్కించి తీస్తారా, కిడ్నీలకి ఏమైనా అవుతుందా అని నేను అడిగాను, ఉద్దానం మనిషిని కదా, అడక్కుండా ఎలా ఉంటాను. ఇలాంటి నొక్కుడు చూడ్డానికి మామూలుగా మందు అక్కర్లేదు, చీము గానీ గడ్డ గానీ ఉందేమోనని అనుమానం ఉంటేనే ఎక్కిస్తాం, అప్పుడు కూడా కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి జాగ్రత్తగా ఆలోచించాకే అన్నారు. ఆ మాట విన్నాక గానీ అమ్మ సంతకం పెట్టలేదు.

స్కానింగ్ దగ్గర అరగంట పట్టింది అమ్మ ఒంటి మీద లోహం తీయడానికే. గాజులు, మెట్టెలు, చెవులవి సరే. గాజులకి గుచ్చి ఉన్న పిన్నీసులే ఆరు! పప్పు పని చేసే ఆడవాళ్లకి అవి ఎప్పుడూ అవసరమే, కొంగుకి, సంచికి. జాకెట్టు లోపల ఇంకోటి. ముక్కుపుడక పెళ్లినాడు పెట్టింది, మర మొత్తం బిగిసిపోయింది. సబ్బు నీళ్లు రాసి నేను తిప్పుతుంటే అమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ నోరు మెదపలేదు. అక్కడి అబ్బాయి గుండెకి పేస్‌మేకర్ ఉందా, తలలో క్లిప్పులున్నాయా, కంట్లో ఎప్పుడైనా ఇనప రవ్వ పడిందా అని ఒక్కొక్కటీ అడిగి టిక్కు పెట్టుకున్నాడు. చేతిలో ఒక రబ్బరు బుడ్డి ఇచ్చి, భయమేస్తే నొక్కమన్నాడు. సరిగ్గా పట్టు లేని చేతికి బుడ్డి ఇవ్వడం చూసి నేను ఆ అబ్బాయికి చెప్పాను, ఈ చేత్తో నొక్కలేకపోవచ్చు, మైకులో మీరే మధ్యమధ్యలో పలకరించండి అని. పాపం పలకరిస్తూనే ఉన్నాడు. మెడకి పూర్తిగా, మిగతా వెన్నెముకకి పైపైన తీశారు, ఒకచోట నొక్కుడు ఉన్నవాళ్లకి ఇంకోచోట కూడా ఉండొచ్చట. బయటికొచ్చాక "ఫ్యాక్టరీ మిషన్ల కాడ 30 ఏళ్లున్నాను, ఇదో లెక్కా" అంది అమ్మ.

ఫిల్ము చూసేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి చూపించాడు. ఆ ఫిల్ములో వెన్నుపాము బూడిద రంగు తాడులా ఉంటుంది, దాని ముందూ వెనకా నీరు తెల్లటి గీతల్లా ఉంటుంది. పై నుంచి వేలు జార్చుకుంటూ వస్తే నాలుగో మెడ ఎముక దాకా రెండు తెల్లగీతలూ ఉన్నాయి. ఐదు, ఆరు ఎముకల దగ్గరికి వచ్చేసరికి రెండూ మాయం. తాడు అక్కడ నొక్కిపెట్టిన రబ్బరు గొట్టంలా సన్నబడి ఉంది. ఆ సన్నబడ్డ చోట తాడు లోపల ఒక తెల్ల మచ్చ. ఆ దారి వెడల్పు 13 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఇరుకంటారు, 10 కన్నా తగ్గితే బాగా ఇరుకంటారు. అమ్మకి 7. తెల్ల మచ్చ అంటే నొక్కుడు వల్ల వెన్నుపాముకే దెబ్బ తగిలిన గుర్తు.

ఎంఆర్ఐ నరాల్ని బాగా చూపిస్తుంది గానీ ఎముకకి సీటీ కావాలని అదీ తీయించారు. అందులో అసలు విషయం బయటపడింది. వెన్నెముక లోపలి గోడ వెంట పై నుంచి కిందకి ఒక పట్టీ ఉంటుంది, మెత్తగా ఉండాల్సిన ఆ పట్టీ అమ్మకి ఎముకలా గట్టిపడిపోయింది. ఈ జబ్బు జపాన్ వైపు, మన ఆసియా దేశాల వాళ్లలో ఎక్కువట. ఆపరేషన్ ముందు నుంచి చేయాలా వెనక నుంచి చేయాలా అన్నది దీన్నిబట్టే నిర్ణయిస్తారట, అందుకే సీటీ మానేయకూడదన్నారు. చేతులు, కాళ్లు, స్పర్శ, మూత్రం, ఈ నాలుగింటికీ కలిపి 18 మార్కుల లెక్క ఒకటి ఉంది, 12 కన్నా తక్కువ వస్తే తీవ్రం కింద లెక్క. అమ్మకి 11. విశాఖ వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి, ఈలోపు మెడ ఎవరితోనూ తిప్పించొద్దు, నొక్కించొద్దు, పడిపోకుండా చూసుకోండి అన్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మా ఊళ్లో ఒకాయన మెడ పట్టి టక్కుమనిపిస్తాడు, చాలామందికి హాయిగా ఉంటుందని పేరు. అంతకుముందు నెల అమ్మని ఆయన దగ్గరికి తీసుకెళ్దామని మా పెద్దమ్మ అంటే నేనే సరేనన్నాను. ఆ రోజు వర్షం పడి వెళ్లలేదు. 7 మిల్లీమీటర్ల దారిలో నలుగుతున్న వెన్నుపాము ఉన్న మెడని అలా తిప్పితే ఒక్క క్షణంలో కాళ్లూ చేతులూ నాలుగూ పడిపోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. చేతులు మొరటుబారినా, నడక తూలినా దయచేసి ఎవరి చేతికీ మెడ ఇవ్వకండి.

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఆ కార్డు మీదే విశాఖలో ఆపరేషన్ అయింది. ఆరోగ్యమిత్ర అడిగిన కాగితాలన్నీ ముందే జిరాక్స్ తీయించి పెట్టుకుంటే పని త్వరగా అయింది, ఆ రోజులు పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేవు, తిరగడమే. చెప్పాల్సింది ఆ వార్డులో చూసిన ఒక కుర్రాడి గురించి. ఆటో నడుపుతాడు, 30 లోపు వయసు. నడుము నొప్పి రెండు కాళ్లలోకీ దిగి, పొద్దుటి నుంచి మూత్రం రావట్లేదని, కూర్చుంటే సీటు తెలియట్లేదని వచ్చాడు. ఆ రెండు మాటలు వినగానే అక్కడ అందరి నడకా మారిపోయింది. మూత్రం పోయించి, పోశాక ఇంకా మూత్రాశయంలో ఎంత మిగిలిందో స్కాన్ పెట్టి చూశారు, 200 మిల్లీలీటర్లు దాటి ఉంటే అనుమానించాల్సిందేనట, అతనికి చాలా ఎక్కువే ఉంది. రాత్రికి రాత్రే ఎంఆర్ఐ, తెల్లారేసరికి ఆపరేషన్. ఇందాక చెప్పిన గుర్రం తోక లాంటి నరాలన్నీ ఒక పెద్ద డిస్క్ ముక్క కింద నలిగిపోయాయి. అమ్మది నెలల మీద వచ్చిన జబ్బు, అతనిది గంటల లెక్క. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎవరైనా సరే మూత్రం బిగిసినా, మర్మస్థానం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడినా తెల్లారనివ్వకుండా పెద్దాసుపత్రికి వెళ్లిపోండి, సిగ్గుపడి ఆగొద్దు. ఆ కుర్రాడు సిగ్గుపడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదని వాళ్లమ్మ నాతో చెప్పుకుని ఏడ్చింది.

అమ్మకి మెడ వెనక నుంచి ఎముక కమాను తెరిచి వెన్నుపాముకి చోటు చేశారు. ఆపరేషన్‌కి ముందే సర్జన్ సూటిగా చెప్పారు, ఇది ఇంకా చెడిపోకుండా ఆపడానికి, పోయింది ఎంత తిరిగొస్తుందో హామీ ఇవ్వలేం, ఎంత త్వరగా వస్తే అంత ఎక్కువ తిరిగొచ్చేది అని. ఆ ఆఖరి మాటకి నేను లెక్కవేసుకున్నాను, మేస్త్రి అన్నది సంక్రాంతికి, సుత్తి తగిలింది దసరాకి. ఆ మధ్య నెలల్లో మేం కలిసినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరి దగ్గరా ఐదు నిమిషాలు లేవు అంతే. కానీ ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోవాల్సింది నేను. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు తిమ్మిర్లన్నా నేను ముందు నాలుగు అడుగుతున్నాను. చేతులకీ కాళ్లకీ రెంటికీ ఉందా, బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా, మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా, మెడ వంచితే కరెంటు దిగుతోందా. ఏ ఒక్కటికి అవునన్నా డాక్టరు దగ్గర మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూడమని మీరే అడగండి అని చెప్తున్నాను. కోపం తెచ్చుకునే డాక్టరు నాకింతవరకూ ఎదురవలేదు.

ఆపరేషన్ అయి ఇప్పటికి ఐదు నెలలు. కాళ్ల బిగుతు కొంత తగ్గింది, చేతికర్ర ఇంట్లో వదిలేసింది, రోడ్డు మీద మాత్రం పట్టుకుంటుంది. పాదాల్లో మొద్దుతనం అలాగే ఉంది, అందుకని వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాను. మూత్రానికి పరుగు తగ్గింది. ప్రతి ఆదివారం ఫోన్లో వీడియో పెట్టించి 10 సెకన్లు గుప్పిట మూసి తెరిపిస్తాను, మా పెద్దది పక్కన కూర్చుని లెక్కపెడుతుంది. 9 నుంచి 11, 12, ఒక నెలంతా 12 దగ్గరే ఆగిపోయింది, మొన్న ఆదివారం 15. పనికి వెళ్లొద్దని చెప్పాం గానీ మేస్త్రినడిగి ఒక గ్లాసుడు పప్పు ఇంటికి తెప్పించుకుందట. మెడ వంచకుండా పీట ఎత్తు మీద పళ్లెం పెట్టుకుని, కిటికీ వెలుతుర్లో ఒక్కొక్క పప్పూ తీస్తోంది. నిన్న ఫొటో పంపింది. పళ్లెంలో ఒక పక్క బద్దలు, ఒక పక్క గుండ్లు. గుండ్లు ఎన్నో లెక్కపెట్టి చెప్పమంది.